ఐదారు గంటల నిద్రతో పగటి పని: మనిషికి తెలియకుండా తగ్గేదేమిటి?

సంక్షిప్తంగా: పెద్దవాళ్లకు రాత్రికి కనీసం 7 గంటల నిద్ర కావాలి. అది ఆరు గంటలకో, ఇంకా తక్కువకో పడిపోయి రోజుల తరబడి అలాగే సాగితే ముందుగా దెబ్బతినేది ఒకే పని మీద నిలకడగా ధ్యాస ఉంచే శక్తి. ఆ లోటు రోజురోజుకూ పేరుకుంటుంది. మబ్బుగా ఉన్నామన్న స్పృహ మాత్రం కొద్ది రోజులకే పెరగడం ఆగిపోతుంది. హైవే మీద బండి నడిపేవారికి, రాత్రి షిఫ్టుల వారికి, వడ్ల కల్లాల దగ్గర కాపలా ఉండే రైతులకు, హాస్టల్ పిల్లలకు ఈ తేడా ఎందుకు ముఖ్యమో, చాయ్‌తో, కునుకుతో, ఆదివారం నిద్రతో అది ఎంతవరకు పూడుతుందో ఇక్కడ చూద్దాం.

పాలమూరు, నల్గొండ ప్రాంతాల్లో నిద్ర మీద రెండు రకాల మాటలు వినిపిస్తాయి. నాలుగైదు గంటలు పండుకున్నా చాలు, ఏండ్ల నుంచి ఇట్లనే నడుస్తోంది అనేది ఒకటి. ఎనిమిది గంటలు పడుకోకపోతే లేనిపోని జబ్బులన్నీ వస్తాయంటూ ఫోన్లో తిరిగే వీడియోలది రెండోది. మొదటిది ధీమా, రెండోది భయం. నిద్ర తగ్గిన మరుసటి రోజు మనిషి చేసే పనిలో ఏది మారుతుంది, ఎంత మారుతుంది, ఆ మార్పు ఆ మనిషికే ఎందుకు తెలియదు అన్న అసలు ప్రశ్నకు ఈ రెండింటిలోనూ జవాబు లేదు. ప్రయోగశాలల్లో కొలిచి చూసిన జవాబులు మాత్రం ఉన్నాయి.

రెండు వారాల కొలత

ఈ విషయంలో అందరూ ముందుగా చెప్పుకునే ప్రయోగం 2003లో వెలువడింది. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో హాన్స్ వాన్ డాంగెన్, డేవిడ్ డింజెస్ బృందం 48 మంది ఆరోగ్యవంతులను ప్రయోగశాలలోనే ఉంచింది. వారిలో కొందరికి రాత్రికి 8 గంటలు, కొందరికి 6, కొందరికి 4 గంటల పడక సమయం ఇచ్చి 14 రోజులు గమనించింది. ఇంకో జట్టును వరుసగా మూడు రాత్రులు అసలు పడుకోనివ్వలేదు. మేలుకుని ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి పరీక్షలు పెట్టారు.

ఆ పరీక్షల్లో ముఖ్యమైనది చూడటానికి చాలా చిన్నది. చేతిలో ఒక పెట్టె ఉంటుంది. దాని తెర మీద 2 నుంచి 10 సెకన్ల మధ్య ఎప్పుడో ఒకప్పుడు అంకెలు పరుగెత్తడం మొదలవుతుంది. అవి కనిపించగానే బటన్ నొక్కాలి. ఇలా పది నిమిషాలు. చదువుతో, తెలివితేటలతో దీనికి పనిలేదు, సాధన చేసినా పెద్దగా మెరుగయ్యేది ఉండదు. నిద్ర తీరిన మనిషి సుమారు పావు సెకనులో నొక్కేస్తాడు. అర సెకను దాటిందంటే ఆ క్షణంలో ధ్యాస తప్పినట్టు లెక్క. నిద్ర తగ్గినవారిలో ఈ ధ్యాస తప్పడాలు ఎన్ని ఉన్నాయన్నదే అసలు కొలమానం.

8 గంటల జట్టులో పెద్ద మార్పు రాలేదు. 6 గంటల జట్టులోనూ 4 గంటల జట్టులోనూ ధ్యాస తప్పడాలు రోజురోజుకూ పెరుగుతూనే పోయాయి, ఎక్కడా నిలకడకు రాలేదు. రెండు వారాలు ముగిసేసరికి వారి పనితీరు ఒకటి రెండు రాత్రులు కన్ను మూయకుండా గడిపినవారి స్థాయికి దిగజారింది. ఇంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి బయటపడింది. నిద్ర ఎంత వస్తోందో వాళ్లనే అడిగి రాసుకున్నప్పుడు, మొదటి కొద్ది రోజులు ఆ అంకె పెరిగి తర్వాత దాదాపు ఆగిపోయింది. అంటే పనితీరు పడిపోతూనే ఉంది, మబ్బుగా ఉన్నామన్న ఎరుక మాత్రం అక్కడే నిలిచిపోయింది. ‘అలవాటైంది’ అని మనిషి నిజాయితీగానే చెబుతాడు. అలవాటైంది మబ్బుకే. పనితీరుకు కాదు.

మనుషుల మధ్య తేడాలున్న మాట నిజమే. ఒకే లోటుకు కొందరు త్వరగా చితికిపోతారు, కొందరు తట్టుకుంటారు. పుట్టుకతోనే తక్కువ నిద్రతో సరిపెట్టుకోగలిగే అరుదైన జన్యుమార్పు ఒకదాన్ని 2009లో గుర్తించారు కూడా. అలాంటివారు అలారం లేకుండా లేస్తారు, పండుగ సెలవుల్లోనూ అంతే నిద్రపోతారు, మధ్యాహ్నం బస్సెక్కినా కునుకు తీయరు. అలారం మోగితేగానీ లేవలేని, ఆదివారం పదింటిదాకా పడుకునే మనిషి ఆ కోవలోకి రాడు.

మెదడులో జరిగేది

నిద్రను రెండు శక్తులు నడిపిస్తాయని 1982లో జ్యూరిక్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త అలెగ్జాండర్ బోర్బెలీ ప్రతిపాదించారు. ఇప్పటికీ ఆ చట్రమే పనికొస్తోంది. మొదటిది నిద్ర ఒత్తిడి. మేలుకుని ఉన్న ప్రతి గంటా మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటుంది, గాఢనిద్రలో తగ్గుతుంది. రెండోది మనం ఎంతసేపు మేలుకున్నామో పట్టించుకోకుండా 24 గంటలకోసారి తిరిగే శరీర గడియారం. తెల్లవారుజామున 2 నుంచి 6 మధ్య అది మనిషిని అన్నిటికంటే గట్టిగా నిద్రలోకి లాగుతుంది. మధ్యాహ్నం 2 నుంచి 4 మధ్య ఇంకోసారి కొంచెం తక్కువ బలంతో లాగుతుంది. అన్నం ఎక్కువ తింటే ఆ మబ్బు ఇంకాస్త పెరుగుతుంది గానీ, తినకపోయినా ఆ సమయంలో చురుకు తగ్గుతుంది.

ఈ రెండూ ఒకేసారి లాగితే మెదడు ‘ఆన్’లోంచి ‘ఆఫ్’లోకి ఒక్కసారిగా పోదు. మేలుకుని ఉన్నప్పుడే అక్కడక్కడ కొన్ని నాడీకణాల గుంపులు క్షణాలపాటు నిద్రలోలాగా మౌనంగా ఉండిపోవడాన్ని 2011లో ఎలుకల్లో కనుగొన్నారు. మనుషుల్లో ఇది ముదిరితే కొన్ని సెకన్ల సూక్ష్మనిద్రగా బయటపడుతుంది, అప్పుడు కళ్లు తెరిచే ఉండొచ్చు కూడా. నిద్ర తక్కువైన మనిషి పనంతా నెమ్మదిగా చేస్తాడనుకోవడం అందుకే పొరపాటు. చాలాసేపు మామూలుగానే చేస్తాడు. మధ్యలో ఎక్కడో ఒక్క క్షణం మనిషి అక్కడ ఉండడు. సగటు చూస్తే బాగానే ఉంటుంది, ప్రమాదం ఆ ఒక్క క్షణంలో ఉంటుంది.

ఏ పని ముందు దెబ్బతింటుందో కూడా దీన్నిబట్టి తెలుస్తుంది. కండబలం ఒకటి రెండు రోజుల్లో అంతగా తగ్గదు, అదే బరువు ఎక్కువ శ్రమగా మాత్రం అనిపిస్తుంది. ఆసక్తి కలిగించే పని, నలుగురితో మాట్లాడుతూ చేసే పని నిద్రమబ్బును కప్పేస్తాయి. ఒకే తీరుగా, కదలకుండా, ఏదో జరుగుతుందేమోనని కనిపెట్టుకుని ఉండే పనులు ముందు చెడతాయి. స్టీరింగ్, కాపలా, మీటర్లు చూసే పని, పద్దులు రాసే పని ఇలాంటివే. చేసిన తప్పును తానే పట్టుకునే శక్తి తగ్గడం రెండో దెబ్బ. పరిస్థితి మారినా పాత నిర్ణయాన్నే పట్టుకుని సాగడం మూడోది. చిన్న మాటకే కోపం రావడం కూడా ఇందులో భాగమే. భావోద్వేగాలకు కేంద్రమైన అమిగ్డలా ఒక్క రాత్రి నిద్ర లేకపోయినా మామూలుకంటే ఎంతో తీవ్రంగా స్పందించినట్టు 2007లో మెదడు స్కానింగులతో చూపించారు. దాన్ని అదుపులో పెట్టే మెదడు ముందుభాగంతో దాని సంబంధం అదే సమయంలో బలహీనపడింది.

హైవే మీద లెక్క

ఈ ప్రాంతం రెండు పెద్ద రహదారుల మధ్య బతుకుతోంది. విజయవాడ వైపు వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి చౌటుప్పల్, చిట్యాల, నకిరేకల్, సూర్యాపేట, కోదాడ మీదుగా పోతుంది. బెంగళూరు వైపు వెళ్లే 44వ నంబరు రహదారి షాద్‌నగర్, జడ్చర్ల, కొత్తకోట దాటి అలంపూర్ చౌరస్తా మీదుగా కర్నూలు చేరుతుంది. లారీలు, డీసీఎంలు, ప్రైవేటు బస్సులతోపాటు ఊళ్లనుంచి తిరుపతికో శ్రీశైలానికో కిరాయికి పోయే కార్లు రాత్రంతా వీటి మీద తిరుగుతుంటాయి.

కిరాయి కారు డ్రైవర్ రోజును లెక్కేద్దాం. పొద్దున 6కి లేచాడు, పగలంతా ఊళ్లో బండి నడిపాడు, రాత్రి 9కి తిరుపతి బయల్దేరాడు. స్టీరింగ్ పట్టేసరికే 15 గంటలు మేలుకుని ఉన్నాడు. 11 గంటలకు 17 గంటలవుతుంది. 1997లో డ్రూ డాసన్, క్యాథరిన్ రీడ్ ఆస్ట్రేలియాలో చేసిన పరీక్షలో 17 గంటల మెలకువ తర్వాత చేతి-కంటి సమన్వయం రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నప్పటి స్థాయికి పడిపోయింది. 24 గంటలకు అది సుమారు 0.10 శాతంతో సమానమైంది. మన మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ పెట్టిన హద్దు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు, అంటే 0.03 శాతమే. చుక్క ముట్టని డ్రైవర్ రాత్రి 11కే పనితీరులో ఆ హద్దు దాటిపోతాడు. మర్నాడు పొద్దున 6కి, శరీర గడియారం కూడా కిందికే లాగుతున్న వేళ, హద్దుకు మూడింతల దగ్గర ఉంటాడు. బ్రీత్ ఎనలైజర్ సున్నా చూపిస్తుంది.

గంటకు 80 కిలోమీటర్ల వేగంతో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. నాలుగు సెకన్ల సూక్ష్మనిద్రలో దాదాపు 90 మీటర్లు ఎవరూ నడపకుండానే పోయినట్టు. అంతలో టెయిల్ లైటు లేకుండా రోడ్డు పక్కన ఆపిన లారీ ఉండొచ్చు, కల్వర్టు గోడ ఉండొచ్చు. నిద్రలో జరిగిన ప్రమాదానికి కొన్ని గుర్తులుంటాయి. ఒకే వాహనం రోడ్డు దిగిపోవడమో, ముందున్న వాహనాన్ని వెనకనుంచి గుద్దడమో జరుగుతుంది. బ్రేకు గీతలు ఉండవు. సమయం తెల్లవారుజామో మధ్యాహ్నమో అయి ఉంటుంది. డ్రైవర్ పక్కన మాట్లాడే మనిషి ఉండడు. ఇవన్నీ ఉన్నా కేసు మాత్రం అతివేగం, నిర్లక్ష్యపు డ్రైవింగ్ కింద నమోదవుతుంది. కేంద్ర రవాణా శాఖ ఏటా ప్రచురించే రోడ్డు ప్రమాదాల నివేదికలో ఉల్లంఘనల పట్టికలో అతివేగం, మద్యం, రాంగ్ సైడ్, సిగ్నల్ దాటడం, సెల్‌ఫోన్ వంటి గడులుంటాయి, నిద్రకు వేరే గడి ఉండదు. లెక్కలోకి రాని కారణానికి నివారణ కూడా దొరకదు. ఈ ఖాళీని ఎప్పుడో పూడ్చాల్సింది.

చట్టం ఈ సంగతి అసలు పట్టించుకోలేదనీ కాదు. 2025 నవంబరులో కొత్త కార్మిక కోడ్ దాని స్థానంలోకి వచ్చేదాకా ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని పని పరిమితి పెట్టింది. కానీ అది ఐదుగురు, అంతకు మించి పనివాళ్లున్న సంస్థలకే వర్తించేది. సొంత బండి నడుపుకునే కిరాయి డ్రైవర్ దాని పరిధిలోకి వచ్చేవాడు కాదు. పైగా ఆ చట్టం లెక్కపెట్టింది పనిచేసిన గంటలనే, అంతకుముందు ఎన్ని గంటలు నిద్రపోయాడన్నది కాదు.

మబ్బు కమ్మినప్పుడు చాలామంది చేసేవి రెండు: అద్దం దించడం, పాటల సౌండు పెంచడం. ఈ రెండింటినీ 1998లో బ్రిటన్ పరిశోధకులు లూయిస్ రేనర్, జిమ్ హార్న్ డ్రైవింగ్ సిమ్యులేటర్‌లో పరీక్షించారు. ఫలితం స్వల్పం, అదీ కాసేపే. వారే అంతకుముందు ఏడాది చేసిన ఇంకో పరీక్షలో, 200 మిల్లీగ్రాముల కెఫీన్ తీసుకుని వెంటనే 15 నిమిషాల లోపు కునుకు తీయడం చాలా మెరుగ్గా పనిచేసింది. పద్ధతి ఇలా ఉంటుంది. బండిని రోడ్డు అంచున కాకుండా పంతంగి, కొర్లపహాడ్, రాయికల్, పుల్లూరు వంటి టోల్ ప్లాజా దగ్గరో, పెట్రోల్ బంకులోనో, దాబా ఆవరణలోనో ఆపాలి. ముందు కాఫీ తాగాలి. సీటు వాల్చి 15-20 నిమిషాలకు అలారం పెట్టుకుని కళ్లు మూసుకోవాలి. కెఫీన్ రక్తంలోకి ఎక్కడానికీ అంతే సమయం పడుతుంది కాబట్టి రెండూ ఒకేసారి అందుతాయి. లేచాక ముఖం కడుక్కుని పది నిమిషాలు అటూ ఇటూ నడిచాకే స్టీరింగ్ పట్టాలి, లేచీ లేవగానే ఉండే మత్తు కూడా ప్రమాదమే. ఇలా చేస్తే గంటో, కొంచెం ఎక్కువో చేతికొస్తుంది. రాత్రంతా నిద్రలేని డ్రైవర్‌కు తెల్లవారుజామున ఇదీ సరిపోదు. అప్పుడు ప్రయాణం ఆపాల్సిందే.

కిరాయి మాట్లాడుకునేవారు అడగాల్సిన ప్రశ్న కూడా ఒకటుంది: “అన్నా, ఇయ్యాల పొద్దున ఎన్నింటికి లేచినవు?” మధ్యాహ్నం మూడు నాలుగు గంటలు పడుకుని వచ్చిన డ్రైవర్‌కూ, పొద్దుటినుంచి తిరిగిన డ్రైవర్‌కూ మధ్య తేడా కిరాయి డబ్బుల్లో కనిపించదు.

సీ షిఫ్టు

జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లోనూ, చౌటుప్పల్ చుట్టుపక్కలా మందుల కంపెనీలు, రసాయన పరిశ్రమలు చాలా ఉన్నాయి. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా నడిచే సీ షిఫ్టు మనిషి కంపెనీ బస్సు దిగి ఇల్లు చేరేసరికి ఏడున్నర అవుతుంది. తిని పడుకునేసరికి ఎనిమిదిన్నర. బయట ఎండ ఎక్కుతుంటుంది, శరీర గడియారం మేలుకోమంటుంది, ఇంట్లో పిల్లల సందడి ఉంటుంది. పన్నెండు, ఒంటిగంటకల్లా మెలకువ వస్తుంది. నాలుగు గంటలే.

వివిధ దేశాల షిఫ్టుల లెక్కలు కలిపి చూసిన సైమన్ ఫోకార్డ్, ఫిలిప్ టక్కర్ విశ్లేషణలో పొద్దుటి షిఫ్టుకంటే రాత్రి షిఫ్టులో ప్రమాదాలు సుమారు 30 శాతం ఎక్కువ. వరుస రాత్రులు పెరిగేకొద్దీ ముప్పు పెరుగుతూ నాలుగో రాత్రికి మొదటి రాత్రికంటే 36 శాతం ఎక్కువైంది. వరుసగా ఆరు రాత్రులు వేయడం కంటే రెండు మూడు వేసి మార్చడం నయం. మార్చేటప్పుడు పొద్దుటి షిఫ్టు నుంచి సాయంత్రానికి, అక్కడినుంచి రాత్రికి పోతే శరీరం సులువుగా సర్దుకుంటుంది. వెనక్కి తిప్పితే సాయంత్రం షిఫ్టు దిగిన మనిషి కొద్ది గంటల్లోనే పొద్దుటి షిఫ్టు ఎక్కాల్సి వస్తుంది.

రియాక్టర్ ఉష్ణోగ్రత చూసి లాగ్‌బుక్‌లో రాసే పని పైన చెప్పిన పది నిమిషాల పరీక్షకు దగ్గరి చుట్టం. వాల్వు తిప్పడం, కొత్త పదార్థం కలపడం వంటివి 3 నుంచి 5 గంటల మధ్య పడకుండా బ్యాచ్ సమయాలు సర్దుకోవడం, తప్పనిసరైతే ఇద్దరు చూసి ఇద్దరూ సంతకం చేయడం మేలు. ఇంటి దగ్గర కిటికీకి మందపాటి దుప్పటి కట్టి గది చీకటి చేసుకోవాలి. పొద్దున దొరికిన నిద్రకు తోడు షిఫ్టుకు బయల్దేరే ముందు సాయంత్రం ఇంకో గంట, గంటన్నర పడుకోవాలి. రెండు ముక్కలుగా తీసినా నిద్ర నిద్రే.

కల్లంలో వారాలు

రాత్రి షిఫ్టు అంటే ఫ్యాక్టరీయే గుర్తొస్తుంది. యాసంగి కోతల కాలంలో వడ్లు కొనే ఐకేపీ కేంద్రం దగ్గర రైతు చేసేది కూడా రాత్రి షిఫ్టే. తేమ 17 శాతానికి దిగితేగానీ కొనుగోలు జరగదు. అందాకా వడ్లు ఆరబోయాలి, సాయంత్రం కుప్ప చేయాలి, మబ్బు పడితే పట్టాలు కప్పాలి, పశువులను, పందులను తోలాలి. తూకం వంతు, లారీ వచ్చేదాకా ఎన్ని రోజులో తెలియదు. కుప్ప పక్కనే దోమల మధ్య ముక్కలు ముక్కలుగా మూడు నాలుగు గంటలు పడుకుంటాడు. ఒక రాత్రి మెలకువకంటే ఇలాంటి వరుస రాత్రులే ఎక్కువ చేటు. తర్వాత అదే మనిషి ట్రాక్టర్ ఎక్కుతాడు, స్టార్టర్ డబ్బా విప్పుతాడు, పొలానికి మందు కలుపుతాడు. ఇంట్లో ఇద్దరుంటే కాపలాను రాత్రి సగం సగం పంచుకోవడం కంటే రాత్రి విడిచి రాత్రి పంచుకోవడం మంచిది. అప్పుడు కనీసం ఒక రాత్రైనా గాఢనిద్ర, కలల నిద్ర రెండూ పూర్తిగా దొరుకుతాయి. గాఢనిద్ర ఎక్కువగా రాత్రి మొదటి సగంలో, కలల నిద్ర తెల్లవారేముందు వస్తుంది. రోజూ ఒకే సగం కాపలా పడిన మనిషికి ఒక రకం నిద్ర నిత్యం కోత పడుతుంది.

గద్వాల వైపు సీడ్ పత్తి చేలలో జరిగే క్రాసింగ్ పని ఇంకా సున్నితం. సాయంత్రం పూట మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను పట్టుకుని, గోటితో రేకులను, కేసరాలను ఒలిచేసి, కీలం మాత్రం చెడకుండా వదలాలి. మర్నాడు పొద్దున మగపువ్వు పుప్పొడిని దానికి అద్దాలి. ఒక్క కేసరం మిగిలినా ఆ కాయలో సొంత పరాగసంపర్కపు గింజ చేరుతుంది. ఒలవని మొగ్గ ఒకటి కంటికి తప్పినా అంతే. అలాంటివి ఎక్కువైతే విత్తనం స్వచ్ఛత తగ్గి నెలల తర్వాత గింజలను నాటి పెంచి చూసే జీఓటీ పరీక్షలో సరుకు తిరస్కరిస్తారు. వందల మొగ్గల మధ్య ఒక్కదాని మీద ధ్యాస తప్పడమనేది నిద్ర తగ్గిన కళ్లకు అతి మామూలు పొరపాటు. తెల్లవారుజామునే లేచి ఇంటిపని ముగించుకుని చేనుకు వచ్చే ఆడవాళ్లే ఈ పనిలో ఎక్కువ. మధ్యాహ్నం చెట్టు నీడన ఇరవై నిమిషాల కునుకు ఇవ్వడం రైతుకు నష్టమేమీ కాదు. సాయంత్రం ఒలుపుడు అయ్యాక ఒకరి సాలు ఇంకొకరు చూసుకుంటే తప్పినవి దొరుకుతాయి.

హాస్టల్ గంట

13 నుంచి 18 ఏళ్ల పిల్లలకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. ఈడొచ్చే వయసులో శరీర గడియారం గంట, రెండు గంటలు ఆలస్యంగా నడుస్తుంది. రాత్రి పదింటికి వాళ్లకు నిద్ర రాకపోవడం మొండితనం కాదు, ఆ వయసు తీరు. చాలా హాస్టళ్లలో రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్స్, పొద్దున ఐదింటికి గంట. మంచమెక్కగానే నిద్రపోయినా ఆరున్నర గంటలే. గంటన్నర రోజూ కోత.

చదువుకు ఇది రెండువైపులా దెబ్బ. నిద్ర తక్కువైన మెదడు కొత్త పాఠాన్ని ఎక్కించుకోదు. ఎక్కిన పాఠం కుదురుకోవడానికి కూడా ఆ రాత్రి నిద్రే కావాలి. లాస్ ఏంజెలెస్ హైస్కూల్ విద్యార్థులను గమనించిన ఒక అధ్యయనంలో, మామూలుకంటే ఎక్కువసేపు చదవడం కోసం నిద్ర మానుకున్న పిల్లలకు మర్నాడు పాఠం అర్థం కాకపోవడం, పరీక్ష సరిగా రాయలేకపోవడం ఎక్కువగా కనిపించింది. ఇంటర్, టెన్త్ పరీక్షల ముందు ఉదయం స్టడీ అవర్‌ను గంట తగ్గించి ఆ గంట నిద్రకు ఇస్తే మార్కులు పోవు. ఈ మాట ప్రిన్సిపాళ్లకు తల్లిదండ్రులే చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ గంటలు చదివిస్తున్నారన్న పేరు కోసమే చాలాచోట్ల ఆ టైంటేబుల్ నడుస్తోంది.

మంచం మీద ఎనిమిది గంటలు, నిద్ర ఐదున్నర

ఎక్కువ పడుకోండి అన్న సలహా అన్నివేళలా పనిచేయదని చూపిన పరిశోధన మన పక్కనే చెన్నైలో జరిగింది. పెడ్రో బెస్సోన్, గౌతమ్ రావు తదితర ఆర్థికవేత్తలు డేటా ఎంట్రీ పని చేసే 452 మంది అల్పాదాయ వ్యక్తులను గమనించి 2021లో ఫలితాలు ప్రచురించారు. వారు రాత్రికి 8 గంటలు పడక మీద ఉన్నా నిద్రపోయింది ఐదున్నర గంటలే. వేడి, దోమలు, చప్పుడు, ఇరుకు అందుకు కారణాలు. సలహాలు, కళ్లగంతలు, చెవి ప్లగ్గులు, డబ్బు ప్రోత్సాహం ఇస్తే నిద్ర రాత్రికి 27 నిమిషాలు పెరిగింది, అదీ మంచం మీద ఇంకా ఎక్కువసేపు ఉండటం వల్ల. పనిలో, ఆలోచనలో మెరుగు కనిపించలేదు. మధ్యాహ్నం ఆఫీసులోనే అరగంట నిద్రకు వీలిచ్చినవారిలో మాత్రం పని వేగం, ధ్యాస, మనసు స్థిమితం మెరుగయ్యాయి. నిద్రపోయిన సమయం పనిలోంచే పోయింది కాబట్టి ఆ అరగంటా పనిచేసినవారితో పోలిస్తే రాబడి పెరగలేదు. అయినా ఈ ఫలితం విలువైనది: విరిగిన నిద్రను పొడిగించడం కంటే విరగకుండా చూడటం ముఖ్యం.

నల్గొండ ఎండల్లో నిద్రను విరగ్గొట్టేది ముందుగా స్లాబే. పగలంతా మింగిన వేడిని అది అర్ధరాత్రి దాకా గదిలోకి వదులుతుంది. ఒంటి లోపలి వేడి దిగితేనే గాఢనిద్ర పడుతుంది. 68 దేశాల్లో 47 వేలమందికి పైగా చేతిపట్టీల లెక్కలు పరిశీలించిన 2022 అధ్యయనంలో, రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత 30 డిగ్రీలు దాటిన రోజుల్లో నిద్ర సగటున 14 నిమిషాలు తగ్గింది. కూలర్, ఏసీ లేని ఇంట్లో ఇంకా ఎక్కువే ఉంటుందనుకోవచ్చు. స్లాబు మీద తెల్లసున్నం పూయడం చవకైన ఉపాయం, రాష్ట్ర ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం ఉద్దేశమూ ఇదే. పొద్దుగూకాక స్లాబును నీళ్లతో తడపడం, పడుకునే ముందు స్నానం, మిద్దె మీద పడుకుంటే దోమతెర తప్పనిసరి.

ఈ ప్రాంతానికే ప్రత్యేకమైన ఇంకో సమస్య కల్తీ కల్లు. ఆల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్లు పాలమూరు ప్రాంతంలో ఎన్నోసార్లు పట్టుబడింది. అది తాగితే మనిషి పడిపోతాడు, పొద్దున లేచాక కూడా ఆ మందు ఒంట్లో ఉండి పగలంతా తూగిస్తుంది. ఒక్కసారిగా మానేస్తే నిద్ర అసలు పట్టదు, చేతులు వణుకుతాయి, ఫిట్స్ రావొచ్చు, మనిషి వింతగా ప్రవర్తించవచ్చు. మానాలనుకుంటే ఇంట్లో తలుపు వేసి ఉంచడం ప్రమాదం, డాక్టర్ పర్యవేక్షణలో మోతాదు మెల్లగా తగ్గించాలి.

చాయ్, ఆదివారం, చక్కెర

కెఫీన్ అడినోసిన్‌ను తగ్గించదు, అది మెదడులో కూర్చునే చోటును ఆక్రమిస్తుందంతే. పేరుకున్నది అలాగే ఉండి తర్వాత పనిచేస్తుంది. తాగిన దాంట్లో సగం ఒంట్లోంచి పోవడానికి ఐదారు గంటలు పడుతుంది కాబట్టి రాత్రి పదింటికి పడుకోవాల్సిన మనిషి మధ్యాహ్నం మూడు తర్వాత చాయ్, కాఫీ మానితే మంచిది.

కునుకు 10 నుంచి 20 నిమిషాలు మించకూడదు. అరగంట, ముప్పావుగంట దాటితే గాఢనిద్రలోంచి లేవాల్సి వచ్చి తల బరువుగా ఉంటుంది. సాయంత్రం నాలుగు దాటాక తీస్తే రాత్రి నిద్రకే అడ్డం.

వారమంతా కోత పెట్టి ఆదివారం తీర్చుకోవడం కొంతవరకే సాధ్యం. 2003లోనే వాల్టర్ రీడ్ సైనిక పరిశోధన సంస్థలో గ్రెగరీ బెలెంకీ బృందం ఏడు రోజులు నిద్ర తగ్గించి, తర్వాత మూడు రాత్రులు 8 గంటలు పడుకోనిచ్చింది. అయినా పనితీరు పూర్తిగా మొదటి స్థాయికి రాలేదు. ఒంటికి జరిగే నష్టం కూడా త్వరగానే మొదలవుతుంది. 1999లో షికాగోలో 11 మంది యువకులను ఆరు రాత్రులు 4 గంటలే పడుకోనిస్తే, రక్తంలో చక్కెరను అదుపు చేసే శక్తి గణనీయంగా తగ్గింది. షుగరున్నవారు రాత్రి నిద్రను కూడా మందులాగే లెక్కపెట్టుకోవాలి.

ఎంత లోటుందో చూసుకోవడం

మబ్బు అనిపించడం నమ్మదగ్గ కొలత కాదు కాబట్టి సందర్భాలను బట్టి చూడాలి. 1991లో ఆస్ట్రేలియా వైద్యుడు ముర్రే జాన్స్ రూపొందించిన ఎప్‌వర్త్ ప్రశ్నావళి అదే చేస్తుంది. కూర్చుని చదువుతున్నప్పుడు, టీవీ చూస్తున్నప్పుడు, మీటింగులాంటి చోట ఊరికే కూర్చున్నప్పుడు, గంటసేపు కారులో ప్రయాణిస్తున్నప్పుడు, మధ్యాహ్నం నడుం వాల్చినప్పుడు, ఎవరితోనైనా కూర్చుని మాట్లాడుతున్నప్పుడు, మద్యం తాగకుండా అన్నం తిన్నాక కూర్చున్నప్పుడు, ట్రాఫిక్‌లో బండి కాసేపు ఆగినప్పుడు కునుకు పట్టే అవకాశం ఎంత? ఒక్కోదానికి 0 నుంచి 3 వేసుకోవాలి. మొత్తం 24లో 10 దాటితే పగటి నిద్రమత్తు ఎక్కువున్నట్టే. తల వాల్చిన నిమిషంలో నిద్రపోతానని గొప్పగా చెప్పుకునేవారు కూడా ఒకసారి ఆలోచించుకోవాలి. నిద్ర తీరిన మనిషికి కళ్లంటడానికి మామూలుగా పది నిమిషాలకు పైనే పడుతుంది.

రెండు వారాలు పడుకున్న వేళ, లేచిన వేళ, మధ్యలో లేచిన సార్లు ఒక నోటుబుక్కులో రాసుకోవాలి. రోజూ 7 గంటలు నిజంగా నిద్రపోతున్నా స్కోరు 10 దాటుతోందంటే లోపం నిద్ర నాణ్యతలో ఉంది. గట్టి గురక, నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేవడం, రాత్రి పదేపదే మూత్రానికి లేవడం, పొద్దున తలనొప్పి ఉంటే నిద్రలో శ్వాస ఆగే జబ్బును, అంటే స్లీప్ ఆప్నియాను అనుమానించాలి. పక్కన పడుకున్నవారు రాత్రి గురకను ఫోన్లో ఒక నిమిషం రికార్డు చేసి చూపిస్తే డాక్టర్‌కు సగం పని తగ్గుతుంది. మహబూబ్‌నగర్, నల్గొండ, సూర్యాపేట ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రుల్లో ఈఎన్‌టీ లేదా ఊపిరితిత్తుల విభాగంలో చూపించుకోవడంతో మొదలుపెట్టొచ్చు. జబ్బు ఖాయమైతే బరువు తగ్గడం, పక్కకు తిరిగి పడుకోవడం, అవసరాన్నిబట్టి రాత్రి ముక్కుకు పెట్టుకునే సీప్యాప్ యంత్రం చికిత్సలు. ఆ చికిత్స మొదలయ్యేదాకా అలాంటి మనిషి రాత్రిపూట హైవే మీద బండి నడపకూడదు.